మణికట్టు దగ్గర సన్నటి గీత

సోమవారం

ఈ పుస్తకం మా ఆవిడ కొనిచ్చింది. "నా చెవులు తిన్నది చాలు, ఇక ఇందులో రాసుకోండి" అంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బస్టాండులో టికెట్ల కౌంటరు వెనక కూర్చుని జనం గోల వినే మనిషి. ఇంటికొచ్చాక నా గోల కూడా వినమనడం న్యాయం కాదు. ఒప్పుకుంటాను.

అయినా నా గోల ఏమంత పెద్దదని? ఒక్కటే. మా అమ్మాయి వాలీబాల్ ఆడుతోంది.

నేను వద్దనలేదు. ఇది ముందు రాసుకోవాలి. ఆటల టీచరమ్మ ఇల్లిల్లూ తిరిగి ఆడపిల్లల్ని గ్రౌండుకి పంపమని బతిమాలుతున్నప్పుడు అందరికంటే ముందు సరేనన్నది నేనే. ఎముకల బొమ్మలు తీసేవాణ్ణి, ఎముకలకి కసరత్తు ఎంత అవసరమో నాకు ఒకరు చెప్పాలా? ఆవిడ పొంగిపోయి మిగతా ఇళ్ళలో నన్నే చూపించింది. "ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే ఆయనే తన కూతుర్ని పంపుతున్నాడు. ఆయనకి లేని భయం మీకెందుకండీ?" అందట. ఆ మాట మీద మా అమ్మాయితో కలిపి తొమ్మిది మంది పోగయ్యారు.

ఆయనకి లేని భయం! ఆవిడ ఒక్కసారి వచ్చి నా కడుపులో చెయ్యి పెట్టి చూస్తే తెలిసేది.

మంగళవారం, డ్యూటీ మధ్యలో

పొద్దున్నుంచి వచ్చినవాళ్ళు: స్నానాలగదిలో జారిన పెద్దావిడ తుంటి. స్కూటరు మీంచి పడ్డ కుర్రాడి భుజం. గోడ దూకిన పిల్లాడి మోచెయ్యి. మనుషుల్ని ముఖాలతో గుర్తుపెట్టుకోవడం నాకు ఎప్పుడో పోయింది. వీధిలో ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, ఈయన ఎడమ చీలమండ కదూ అనుకుంటాను.

నిన్న అన్నం తింటూ ఇలాంటిదే ఏదో చెప్పబోతే మా ఆవిడ మధ్యలోనే ఆపేసింది. "మీ దగ్గరికి విరిగినవాళ్ళే వస్తారు. పడి, దులుపుకుని లేచినవాళ్ళు తిన్నగా ఇంటికి పోతారు. వాళ్ళు మీ కంటికి ఆనరు మహానుభావా" అంది.

నిజమే. నిజమైనంత మాత్రాన నాకు ముద్ద దిగిందా? దిగలేదు.

గురువారం

గ్రౌండుకి వెళ్ళాను. మబ్బు పట్టింది కదా, గొడుగు ఇచ్చి వద్దామని. ఆట చూడటానికి కాదు.

స్కూల్లో మా అమ్మాయిని మిడత అంటారట. ఎందుకో ఈరోజు తెలిసింది. వెనక వరసలో నిలబడి, నేలని తాకబోయే బంతి కిందకి దూరి పైకి లేపడం దాని పని. దూరడం అంటే మామూలుగా కాదు. గాలిలోకి లేచి బోర్లా పడుతుంది. ఛాతీ మీద జారుతుంది. బంతి లేస్తుంది, తను కింద ఉంటుంది, జట్టంతా కేకలు వేస్తుంది, తను దుమ్ము ఉమ్మేసి మళ్ళీ నిలబడుతుంది. మిగతా పిల్లలు ఎప్పుడో గానీ పడరు. ఇది పడటానికే పుట్టినట్టు పడుతోంది. ఇంతమందిలో ఆ పని నా కూతురికే రావాలా?

"చూశారా సార్, భయం అంటే ఏంటో తెలీదు మీ అమ్మాయికి" అంది ఆటల టీచరమ్మ గర్వంగా.

"అవునండీ" అన్నాను. గొడుగు పిడి చెమటకి జారిపోతోంది.

వచ్చే నెల పక్క స్కూలు వాళ్ళతో మ్యాచ్ ఉందట. ఈ స్కూల్లో ఆడపిల్లల జట్టు బయటివాళ్ళతో ఆడటం ఇదే మొదటిసారట. అందులో జట్టు నిలబడితే సాయంత్రం పూట గ్రౌండు ఆడపిల్లలకి ఖాయం చేస్తానని హెడ్మాస్టరు అన్నాడట. నిలబడకపోతే మళ్ళీ మగపిల్లలదే. టీచరమ్మ చెబుతూనే ఉంది. నేను మా అమ్మాయి మోకాళ్ళు చూస్తూ నిలబడ్డాను.

శుక్రవారం

వాన. ఆట లేదు. దేవుడున్నాడు.

శనివారం

పడింది. నేను అనుకుంటూనే ఉన్నాను.

కుడి చెయ్యి మడతపడిందట. మణికట్టు దగ్గర వాచింది. ఏడవలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళి నేనే ఫిల్మ్ తీశాను. తన చెయ్యి కదిలితే బొమ్మ అలుక్కుపోతుందని, కదలొద్దని పదిసార్లు చెప్పి తీశాను.

ఫిల్మ్ శుభ్రంగా ఉంది. ఎక్కడా ఏమీ లేదు. ఉత్త బెణుకు. ఐసు పెట్టి నాలుగు రోజులు ఊరుకుంటే తగ్గిపోతుంది.

శనివారం, మళ్ళీ

పైన రాసింది నిజం. కానీ తరవాత జరిగింది కూడా రాయాలి.

ఫిల్మ్‌ని లైటు పెట్టె మీద పెట్టి చూస్తుంటే తను పక్కకి వచ్చి నిలబడింది. ముంజేతి ఎముక చివర, మణికట్టుకి కాస్త పైన, అడ్డంగా సన్నటి నల్లగీత ఉంటుంది. ఎదిగే పిల్లలందరికీ ఉంటుంది. ఎముక పొడుగు పెరిగే చోటు అది. ఎదుగుదల ఆగిపోయాక ఆ గీతా పోతుంది. తెలియనివాళ్ళు చూస్తే అచ్చం ఎముక చిట్లినట్టే ఉంటుంది. కొత్తగా పనిలో చేరినప్పుడు నేనూ ఒకసారి హడలిపోయాను.

తను దాని మీద వేలు పెట్టింది. "నాన్నా, ఇదేంటి గీత? విరిగిందా?"

నేను చూపించలేదు. తనే అడిగింది.

"సన్నగా చిట్లింది" అన్నాను.

అంతే. రెండే మాటలు. తరవాత పట్టీ వేసి, మెడలోంచి గుడ్డ వేలాడదీసి చెయ్యి అందులో పెట్టాను. మ్యాచ్ అయిపోయేదాకా కదపకూడదని చెప్పాను. తను మొదట అడిగింది మ్యాచ్ గురించే. దారి పొడుగునా తల వంచుకుని నడిచింది.

"డాక్టరుకి చూపించారా?" అంది మా ఆవిడ.

"చూపించాను."

ఎలాగూ బెణికిన చెయ్యే కదా. విశ్రాంతి మంచిదే. కాస్త ఎక్కువ విశ్రాంతి ఇచ్చాను, అంతకన్నా ఏం చేశాను?

ఆదివారం

హాయిగా నిద్రపట్టింది. ఎన్నాళ్ళయిందో.

బుధవారం

ఇంట్లో కూర్చుంటుందనుకున్నాను. రోజూ గ్రౌండుకి పోతోంది. కోర్టు గీత బయట కూర్చుని నీళ్ళ సీసాలు అందిస్తుందట, కేకలు వేస్తుందట. వెళ్ళనీ. కూర్చుంటే ఎముకలు విరగవు.

వాళ్ళమ్మ జడ వేస్తోంది. ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంటోంది. కోడిగీతల్లా ఉన్నాయి అక్షరాలు. నవ్వు రాలేదు నాకు.

శుక్రవారం

ఆటల టీచరమ్మ ఆసుపత్రికే వచ్చేసింది. ఏ ఎముకా విరగలేదు, ముఖం మాత్రం వేలాడిపోయింది.

"సార్, నలుగురు మానేశారు" అంది.

"ఎవరు మేడమ్?"

"మెకానిక్ గారమ్మాయి మానేసింది. మన పొట్టి మానేసింది. ఇంకో ఇద్దరు. మీ అమ్మాయికి విరిగిందని తెలిసింది కదా. ఎక్స్‌రే ఆయన కూతురికే దిక్కులేకపోతే మా పిల్లల గతేంటి అంటున్నారు. మీ మాట చెప్పి పంపించమన్నాను కదా సార్, ఇప్పుడు మీ మాటే నాకు ఎదురు తిరిగింది."

మెకానిక్ కూతురు పొడుగ్గా ఉంటుంది, నిచ్చెన అంటారు దాన్ని. వల దగ్గర నిలబడి చెయ్యెత్తితే చాలు, అవతలి బంతి ఇవతలికి రాదు. పొట్టి మా అమ్మాయికి ప్రాణస్నేహితురాలు. వీళ్ళు లేకపోతే మిగిలింది నలుగురు. ఆరుగురు లేనిదే జట్టు దిగనివ్వరు.

"మీరొక్కసారి వాళ్ళకి చెప్పండి సార్. ఏదో చిన్న దెబ్బేనని, తగ్గిపోతుందని."

"చూద్దాం మేడమ్" అన్నాను.

దొంగకి తేలు కుట్టినట్టు ఉంది నా పని. అరిస్తే దొరికిపోతాను. అరవకపోతే విషం ఎక్కుతోంది.

శనివారం

నేను ఎవర్నీ మానమనలేదు. వాళ్ళంతట వాళ్ళే మానేశారు. నా కూతురి సంగతి నేను చూసుకున్నాను, వాళ్ళ కూతుళ్ళ సంగతి వాళ్ళు చూసుకున్నారు. అందులో నా తప్పేముంది?

పొద్దున్నుంచి ఈ మాటే అనుకుంటున్నాను. ఒక్కసారి కూడా సరిగ్గా అతకలేదు.

సోమవారం

ఈరోజు నా గదిలోనే జరిగింది.

పొట్టిని వాళ్ళమ్మ తీసుకొచ్చింది. దెబ్బా లేదు, వాపూ లేదు. "అన్నయ్యగారూ, ఎందుకైనా మంచిదని ఒకసారి చూపిద్దామని. ఇన్నాళ్ళూ ఎగిరిందిగా. లోపల ఏమైందో ఏమో. మీ అమ్మాయికీ పైకి ఉత్త వాపేగా కనపడింది" అంది. ఎముకల డాక్టరు విసుక్కుంటూనే రెండు చేతులకీ రాసిచ్చాడు. నేను తీశాను.

లైటు పెట్టె ముందు పొట్టి తల్లి గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, ఇదుగో! ఇక్కడ! రెండు చేతులకీ విరిగింది!"

డాక్టరు నవ్వాడు. ఆయన నవ్వడం అరుదు. "విరగడం కాదమ్మా. అది ఎముక పెరిగే చోటు. నీ కూతురు ఎదుగుతోంది. ఎదిగే ప్రతి పిల్లకీ ఈ గీత ఉంటుంది. కావాలంటే ఇతన్ని అడుగు, రోజూ చూస్తుంటాడు" అని నా వైపు చూపించాడు.

"అంతేనా అన్నయ్యగారూ?"

"అంతేనమ్మా" అన్నాను.

పొట్టి ఆ గీత దగ్గరికి ముఖం పెట్టి చూసింది. తరవాత నా వైపు చూసింది. ఆ పిల్ల కళ్ళు ఎప్పుడూ అంతే పెద్దవి. అయినా నేను గబగబా ఫిల్మ్ లాగి కవరులో పెట్టేశాను. మా అమ్మాయి తన ఫిల్మ్‌ని కిటికీ అద్దానికి అతికించుకుంది. పొట్టి మా ఇంటికి వచ్చినప్పుడల్లా దాన్ని చూస్తూనే ఉంది.

మంగళవారం

పొట్టి చెప్పేసి ఉంటుంది.

పొద్దున మా అమ్మాయి నాతో మాట్లాడలేదు. పాలు తాగి గ్లాసు టక్కున పెట్టింది. మామూలుగా అంత చప్పుడు చేయదు.

బుధవారం

సాయంత్రం కిటికీ దగ్గర నిలబడి ఆ ఫిల్మ్‌నే చూస్తోంది. నేను గదిలోకి వెళ్ళగానే పక్కకి తప్పుకుంది. తెలిసిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేనే "చెయ్యి ఎలా ఉందమ్మా" అని అడిగాను. "ఉంది" అంది. ఉంది అంటే?

గురువారం

"మీకేమైంది? రెండు రోజులుగా ఇంట్లో పిల్లిలా నడుస్తున్నారు" అంది మా ఆవిడ. పుస్తకం వైపు చూసి, "అందులోనైనా నిజం రాస్తున్నారా?" అంది. ఏదో ఎగతాళికే అంది. నేను పుస్తకం మూసి దిండు కింద పెట్టాను.

శుక్రవారం

తను నడిచే తీరు చూశాను ఈరోజు. నాకోసం కాదు, తనకోసం రాస్తున్నాను ఇది.

మెట్లు దిగేటప్పుడు చివరి మూడు మెట్లూ దూకడం దాని అలవాటు. ఎన్నిసార్లు తిట్టానో. ఈరోజు గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. వీధిలో ఎవరి బంతో దొర్లుకుంటూ దగ్గరికి వస్తే ఒక అడుగు వెనక్కి వేసి చేతిని కడుపులోకి లాక్కుంది. బంతి పోయాక కూడా చెయ్యి అక్కడే ఉంచుకుంది.

నేను కోరుకున్నది ఇదే కదా. చూసుకుని నడవడం. జాగ్రత్తగా ఉండటం. కోరుకున్నది కళ్ళెదురుగా జరుగుతుంటే నాకు ఏడుపొచ్చింది. అది నా నడక. నా కూతురు నాలాగా నడుస్తోంది.

శనివారం

చెప్పేశాను.

వాళ్ళమ్మ డ్యూటీకి వెళ్ళాక, గుమ్మం దగ్గర కూర్చుని ఎడమ చేత్తో బూటు లేసు కట్టుకోవడానికి తంటాలు పడుతోంది. నేను పక్కన కూర్చుని లేసు కట్టాను. తలెత్తకుండానే చెప్పాను.

"నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆ గీత గురించి. పొట్టి చెప్పి ఉంటుంది."

"ఏం చెప్పాలి?"

"ఆ రోజు ఆసుపత్రిలో డాక్టరు గారు అన్నది."

"పొట్టి ఏం చెప్పలేదు నాన్నా. వాళ్ళమ్మ ఆటకి పంపట్లేదని ఏడుస్తోంది, అంతే. ఏమన్నారు డాక్టరు గారు?"

ఆ పిల్లకి ఏమీ తెలియదు. ఇన్ని రోజులూ నా అంతట నేనే చచ్చాను. అక్కడ ఆపేసి ఉండొచ్చు కూడా. లేసు ముడి వేసి లేచిపోయి ఉండొచ్చు. ఆ ఆలోచన వచ్చిందని రాసుకోవాలి, ఎందుకంటే వచ్చింది.

"నీ చెయ్యి విరగలేదమ్మా. ఎప్పుడూ విరగలేదు. ఆ గీత పిల్లలందరికీ ఉంటుంది. నేనే అబద్ధం చెప్పాను. నువ్వు అలా పడుతుంటే చూడలేక చెప్పాను."

కోపం వస్తుందనుకున్నాను. అరుస్తుందనుకున్నాను. మెడలోని గుడ్డలోంచి చెయ్యి బయటికి తీసి, మళ్ళీ అందులోనే పెట్టుకుంది.

"ఇప్పుడు అబద్ధమా, అప్పుడు అబద్ధమా?" అంది.

"అప్పుడే."

"నాకెలా తెలుస్తుంది? జట్టు లేకుండా పోతోందని టీచర్ నీ దగ్గరికి వచ్చారుగా. నేను ఏడుస్తున్నానని అమ్మ చెప్పిందిగా. అందుకని ఇప్పుడు విరగలేదంటున్నావేమో. నేను ఆడితే నిజంగా విరిగిపోతే?"

ఏ ప్రమాణం చేసినా చెల్లదు. నా మాట మీద నాకే అప్పు పుట్టదు ఇక.

ఆదివారం

మా ఆవిడకీ చెప్పాను. అరుస్తుందనుకుంటే ఆవిడా అరవలేదు. చాలాసేపు వంటగదిలో గిన్నెలు తోమింది, తోమినవే మళ్ళీ తోమింది. తరవాత వచ్చి నిలబడింది.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అంది. "తొక్కారుగా. ఇక కడుక్కోండి. నేను నీళ్ళు పొయ్యను."

సోమవారం

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఈరోజు నేను పనిచేసే చోటే చించుకున్నాను.

మా అమ్మాయిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఫిల్మ్ చేతికిచ్చాను. ఆయన ఒక్క చూపు చూశాడు. "ఏముంది ఇందులో? పట్టీ ఎవరు వేశారు? విరిగిందని ఎవరన్నారు?"

"నేనే సార్."

"ఇన్నేళ్ళ సర్వీసు పెట్టుకుని పెరిగే గీతకీ విరిగిన గీతకీ తేడా తెలీదా నీకు?"

"తెలుసు సార్."

ఆయనకి అర్థమయ్యేసరికి కాస్త సమయం పట్టింది. తరవాత నన్ను వదిలేశాడు. కుర్చీ దాని వైపు తిప్పుకుని పట్టీ విప్పి, వేళ్ళు నొక్కి, మణికట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగుందమ్మా. కట్టి ఉంచడం వల్ల కాస్త బిగుసుకుంది, అంతే. ఆడుకో."

"మళ్ళీ పడితే విరుగుతుందా?" అంది.

"విరగొచ్చు. చాలాసార్లు విరగదు. విరిగితే నేను అతికిస్తాను. అది నా పని. ఆడటం నీ పని."

తను తలూపింది. ఆయన చెప్పింది నమ్మింది. నేను ఆ గదిలో ఉన్నానో లేనో కూడా చూడలేదు.

బయటికి పంపాక నాతో, "ఇంకొకళ్ళ పిల్లకి ఇలా చేసి ఉంటే ఈపాటికి నువ్వు ఇంట్లో ఉండేవాడివి. నీ పిల్లకి చేశావు కాబట్టి తక్కువ తప్పనుకోకు" అన్నాడు. అనుకోవడం లేదు.

దారిలో తను ఒక్కటే మాట అంది. "మిగతావాళ్ళకి కూడా నువ్వే చెప్పాలి నాన్నా."

బుధవారం

ఆటల టీచరమ్మ పెద్దవాళ్ళని గ్రౌండుకి పిలిచింది. వల పక్కన నిలబడి చెప్పాను. ముందు గీత సంగతి, తరవాత అబద్ధం సంగతి. ఆసుపత్రిలో నా ముందు బట్టలు విప్పడానికి మొహమాటపడేవాళ్ళతో "సిగ్గుపడకండి, ఇది ఆసుపత్రి" అంటుంటాను. ఎంత తేలిగ్గా అంటానో ఈరోజు తెలిసింది.

పొట్టి తల్లి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మెకానిక్ మాత్రం ముందుకొచ్చాడు. చేతులకి ఇంకా నూనె మరకలున్నాయి.

"సార్, మీ మాట మీద పిల్లని పంపాను. మీ అమ్మాయికి దెబ్బ తగిలిందనగానే మానిపించాను. ఇంట్లో అది ముద్ద ముట్టకుండా ఏడుస్తుంటే, ఎక్స్‌రే సార్‌కి తెలీదా అని నేనే కసిరాను. ఇప్పుడు మళ్ళీ మీ మాట మీదే పంపమంటారా?"

వల తాడు పట్టుకుని నిలబడ్డాను.

ఆటల టీచరమ్మ అంది: "ఆయన మాట మీద వద్దండీ. నేనే తప్పు చేశాను, ఆయన్ని చూపించి పిల్లల్ని అడిగాను. ఇప్పుడు మీ అమ్మాయి మాట మీద పంపండి. ఒక్కసారి దాన్ని అడగండి."

మెకానిక్ వెనక్కి తిరిగాడు. నిచ్చెన అంత పొడుగు పిల్లా తండ్రి వెనకాల దాక్కోవాలని చూస్తోంది. "ఆడతావా?" అన్నాడు. "ఆడతా" అంది. అంత చిన్నగా అంది, మళ్ళీ అడగాల్సి వచ్చింది. రెండోసారి గట్టిగానే అంది.

పొట్టి ఎవరూ అడగకుండానే పరిగెత్తి వల కిందికి పోయింది. మిగతా ఇద్దరి ఇళ్ళవాళ్ళు పిల్లల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయారు. వాళ్ళ పిల్లలు వెనక్కి చూసుకుంటూ వెళ్ళారు. ఆ ఇద్దరి సంగతీ నా ఖాతాలోనే ఉంటుంది.

ఏడుగురు. జట్టు ఉంది.

గురువారం

మా అమ్మాయి ఆడుతోంది. పడటం లేదు.

శుక్రవారం

ఈరోజూ పడలేదు. బంతి వస్తుంటే వంగుతుంది, చెయ్యి చాపుతుంది, జానెడు దూరంలో ఆగిపోతుంది. బంతి నేల మీద పడుతుంది. టీచరమ్మ ఏమీ అనడం లేదు. "అదే వస్తుంది సార్" అంది నాతో. రాకపోతే? నేను ఇచ్చిన భయం కదా, దాని సంగతి నాకు తెలుసు. అద్దెకున్నవాళ్ళు చెప్పగానే ఖాళీ చేసినట్టు అది వెళ్ళదు.

మ్యాచ్ రేపే. వాళ్ళమ్మ సెలవు పెట్టింది. మా అమ్మాయి నన్ను రావద్దంటుందేమోనని అడగలేదు. అడక్కుండానే వెళ్తాను.

శనివారం, సాయంత్రం

మొదటి ఆట పోయింది.

పక్క స్కూలు పిల్లలు తెలివైనవాళ్ళు. కాసేపట్లోనే కనిపెట్టేశారు, వెనక వరసలో ఉన్న ఈ పిల్ల వంగుతుంది గానీ పడదని. ఇక ప్రతి బంతీ తన ముందే. జానెడు ముందు ఒకటి, మూరెడు పక్కగా ఒకటి. ప్రతిసారీ వంగడం, ఆగడం, మణికట్టు వైపు ఒక్క చూపు చూసుకోవడం. అటు పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. మెకానిక్ తల పట్టుకున్నాడు. పొట్టి ఊరుకోలేక, "ఏయ్ మిడతా, ఏమైందే నీకు!" అని అరిచింది.

నాకు తెలుసు ఏమైందో. ఆ గ్రౌండులో నాకొక్కడికే పూర్తిగా తెలుసు.

రెండో ఆటలో మళ్ళీ బంతి అలాగే వచ్చింది, వల మీంచి కిందికి, తనకి ముందు కాస్త దూరంలోకి. తను వంగింది.

"పడవే!" అని ఎవరో అరిచారు.

నేనే. పొట్టి తల్లి ఉలిక్కిపడి నా వైపు తిరిగింది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, ఆపడానికో ఆసరాకో తెలియలేదు. బంతి పోయింది. తను నిలబడి నా వైపు చూసింది. ఇన్ని రోజుల తరవాత నన్ను సూటిగా చూసింది.

"పడు తల్లీ! ఏం కాదు, పడు!"

ఏం కాదని నాకెలా తెలుసు? తెలియదు. ఇన్నాళ్ళూ ఫిల్ముల్లో చూసిన విరిగిన చేతులన్నీ ఆ క్షణంలోనే నా కళ్ళ ముందు తిరుగుతున్నాయి. అయినా అరిచాను. ఒంట్లో ప్రతి ఎముకా వద్దంటుంటే నోరు మాత్రం పడమంటోంది. ఇంకోసారి అరిచాను. ఆ తరవాత ఇక ఆపలేదు.

మళ్ళీ బంతి వచ్చింది. ఈసారి తను ఆగలేదు. నిలువునా గాలిలోకి లేచి, బోర్లా, రెండు చేతులూ చాపుకుని నేల మీద పడింది. దుమ్ము లేచింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తోంది. పక్కనున్నవాళ్ళందరూ పైకి చూస్తున్నారు, బంతి వైపు. నేను కిందికి చూస్తున్నాను. బంతి ఏమైందో నాకు తెలియదు. తను లేచింది. నోట్లో దుమ్ము ఉమ్మేసింది. మళ్ళీ పడింది. మళ్ళీ లేచింది. ఆ తరవాత ఎన్నిసార్లో.

మ్యాచ్ ఓడిపోయారు. రెండో ఆట గెలిచి మూడోది పోగొట్టుకున్నారు. అయినా హెడ్మాస్టరు వచ్చి టీచరమ్మతో, సోమవారం నుంచి సాయంత్రాలు గ్రౌండు వాళ్ళదేనన్నాడు. నిచ్చెన పొట్టిని ఎత్తుకుని తిప్పింది.

మా అమ్మాయి మా దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళంతా మట్టి, ముఖమంతా నవ్వు. మోచెయ్యి గీరుకుపోయి రక్తం వస్తోంది. నేను గబుక్కున వంగి చెయ్యి పట్టుకోబోయాను.

తను చెయ్యి వెనక్కి లాక్కుంది. కోపంగా కాదు. ఊరికే.

"అమ్మా, నువ్వు చూడు" అంది.

వాళ్ళమ్మ మోచెయ్యి తిప్పి చూసి, మడిచి చాపించి, "ఏం లేదు, పైపైన గీరుకుంది" అంది. తను సరేనని నమ్మేసి పొట్టి దగ్గరికి పరిగెత్తింది. నేను నీళ్ళ సీసా పట్టుకుని అక్కడే నిలబడ్డాను.